కీళ్ల మార్పిడి శస్త్రచికిత్స, దాని ఫలితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలో తుంటో అరిగిపోయిందనీ, కీలు మార్పించుకోక తప్పదనీ విన్న రోజు నుంచి రోగికీ ఇంట్లోవాళ్లకీ సందేహాలు మొదలవుతాయి. ఆపరేషన్ ఎలా చేస్తారన్నది వాటిలో చిన్న భాగమే. ఆ తర్వాత నొప్పి పోతుందా, ఎంత దూరం నడవగలం, మళ్లీ చేయించుకోవలసి వస్తుందా అన్నవే అసలు ప్రశ్నలు. అందుకే ఇక్కడ పద్ధతి గురించి క్లుప్తంగా చెప్పి, ఫలితాల గురించి వివరంగా రాశాం. కింద ఇచ్చిన అంకెలు వేలమంది రోగులను ఏళ్ల తరబడి గమనించగా తేలినవి. మీ ఒక్కరి విషయంలో ఏం జరగవచ్చో మాత్రం మీ వయసు, ఇతర జబ్బులు, కండరాల బలం పరిశీలించిన సర్జన్‌తో మాట్లాడి తెలుసుకోవాలి.

కీలు మార్పిడి అంటే కీలు మొత్తం తీసేసి కొత్తది పెట్టడమా?

పేరు వింటే అలాగే అనిపిస్తుంది. మోకాలి విషయంలో జరిగేది అది కాదు. తొడ ఎముక కింది కొన మీద, దాని కింద ఉండే కాలి పెద్ద ఎముక పై కొన మీద అరిగిపోయిన మృదులాస్థిని, దానితోపాటు సుమారు ఒక సెంటీమీటరు మందం ఎముకను కోసి, అక్కడ లోహపు తొడుగులు అమర్చి, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలకను పెడతారు. పుచ్చిన పంటిని చెక్కి క్యాప్ తొడిగినట్టే ఉంటుంది ఈ పని. పక్కల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు, మిగిలిన ఎముక అంతా మీదే. వాడుకలో చాలామంది దీన్ని మోకాలి చిప్ప మార్పిడి అంటారు గానీ, చిప్పను తీసేయరు. అవసరమైతే దాని లోపలి వైపు మాత్రం చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు.

తుంటి కీలు బంతి, గిన్నె ఆకారంలో ఉంటుంది. అక్కడ అరిగిన బంతిని నిజంగానే తీసేసి, తొడ ఎముక బోలులోకి లోహపు కాడ దించి, దాని మీద లోహంతోనో సిరామిక్‌తోనో చేసిన కొత్త బంతిని, కటి ఎముకలో కొత్త గిన్నెను అమరుస్తారు. కోబాల్ట్ క్రోమియం మిశ్రమం, టైటానియం, సిరామిక్, పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ఇందులో వాడే ముఖ్యమైన పదార్థాలు. కొన్ని ఇంప్లాంట్లను బోన్ సిమెంట్‌తో అతికిస్తారు. కొన్నింటి గరుకు ఉపరితలంలోకి ఎముకే పెరిగి పట్టుకుంటుంది.

ఈ చికిత్స ఎంత పాతది? ఇంకా ప్రయోగ దశలోనే ఉందా?

లేదు. 1890 ప్రాంతంలోనే థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే జర్మన్ సర్జన్ దంతంతో చేసిన కీళ్లను అమర్చి చూశాడు. క్షయతో పాడైన కీళ్లలో పెట్టడం వల్ల ఇన్ఫెక్షన్ వచ్చి అవి నిలవలేదు. ఇప్పటి తుంటి మార్పిడికి పునాది వేసింది ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ చార్న్‌లీ. ఆయన మొదట టెఫ్లాన్‌తో గిన్నెలు చేయించాడు. అవి కొద్ది ఏళ్లలోనే అరిగిపోయి, రాలిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీయడంతో వాటిని తీసేయవలసి వచ్చింది. 1962లో పాలిథిలిన్‌కు మారాక ఫలితాలు నిలబడ్డాయి. ఆ వైఫల్యం దాచితే దాగేది కాదు, ఆయన దాచలేదు కూడా. కీలు పెట్టిన రోజు బాగుండటం వేరు, పదేళ్ల తర్వాత బాగుండటం వేరు అన్న ఎరుక ఈ వైద్యశాఖకు అక్కడి నుంచే వచ్చింది. 1975లో స్వీడన్ మోకాలి మార్పిడుల కోసం జాతీయ రిజిస్ట్రీ మొదలుపెట్టి, ఏ ఇంప్లాంట్ ఎంతకాలం మన్నుతోందో నమోదు చేయడం ఆరంభించింది. తర్వాత అనేక దేశాలు అదే బాట పట్టాయి.

నాకు ఆపరేషన్ అవసరమో కాదో ఎలా నిర్ణయిస్తారు? ఎక్స్‌రే చూస్తే సరిపోదా?

సరిపోదు. ఎక్స్‌రేలో ఎముకకు ఎముక ఆనుకున్నట్టు కనబడుతున్నా రోజూ హాయిగా నడిచేవారు ఉన్నారు. అరుగుదల కొద్దిగానే కనిపిస్తున్నా నొప్పితో అల్లాడేవారూ ఉన్నారు. అరుగుదల చాలావరకు ఉందని ఎక్స్‌రే రుజువు చేయాలి, నిజమే. అయితే నిర్ణయం తీసుకోవలసింది నొప్పి మీ జీవితాన్ని ఎంతవరకు కుదించేసిందన్న దాన్ని బట్టి. నొప్పికి రాత్రిళ్లు మెలకువ వస్తోందా, మాత్రలు వేసుకున్నా ఇంట్లో పనులు చేసుకోలేకపోతున్నారా, నడవలేక బయటికి వెళ్లడమే మానేశారా, కాలు వంకర తిరుగుతోందా అన్నవి తూచి చూడవలసిన విషయాలు.

ఎక్స్‌రేలో అరుగుదల స్వల్పంగా ఉన్నప్పుడే మోకాలు మార్పించుకున్నవారిలో అసంతృప్తి ఎక్కువగా ఉంటుందని పరిశోధనల్లో పదేపదే కనబడింది. కాబట్టి, ఇప్పుడే చేయించుకుంటే మంచిది, ముందుముందు కష్టమవుతుంది అన్న ఒక్క మాట మీద తొందరపడవద్దని గట్టిగా చెబుతాం. అలాగని మరీ ఆలస్యం చేయడం కూడా నష్టమే. కీలు పూర్తిగా బిగుసుకుపోయి, తొడ కండరాలు పీలగా అయిపోయాక చేస్తే నొప్పి తగ్గినా కదలిక తిరిగి రావడం కష్టం. మోకీలు మార్పిడి దాదాపు ఎప్పుడూ అత్యవసరం కాదు గనుక, రెండో సర్జన్ అభిప్రాయం తీసుకోవడానికి సంకోచించనక్కర్లేదు. తుంటి ఎముక విరిగినప్పుడు చేసే మార్పిడి మాత్రం వేరు. అక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆపరేషన్ లేకుండా నెట్టుకురావచ్చా?

చాలామందికి కొంతకాలం, కొందరికి ఎప్పటికీ వీలవుతుంది. తొడ కండరాలకు బలం పెంచే వ్యాయామాలు, బరువు తగ్గడం, నొప్పి మాత్రలను డాక్టర్ సలహాతో వాడటం, చేతికర్ర పట్టుకోవడం అన్నీ నిజంగా పనిచేసేవే. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది.

ఈ విషయంలో 2015లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం చెప్పుకోదగ్గది. మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషన్‌తోపాటు వ్యాయామం, ఆహార సలహా, మందులు ఇచ్చారు. రెండో జట్టుకు ఆపరేషన్ తప్ప మిగిలినవన్నీ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి జట్టులో 85 శాతం మందికి, రెండో జట్టులో 68 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. ఆపరేషన్‌తో కలిగిన మేలు పెద్దదే, కానీ తీవ్రమైన దుష్ఫలితాలు కూడా ఆ జట్టులోనే ఎక్కువ. రెండో జట్టులో సుమారు నాలుగో వంతు మంది ఏడాదిలోపే ఆపరేషన్ కోరుకున్నారు. మాకు దీనిలో కనబడే అర్థం ఇది: రెండు మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసి చూడటం వల్ల పోయేదేమీ లేదు. చివరికి ఆపరేషన్ అవసరమైనా, ఆ బలపడిన కండరాలే కోలుకోవడానికి అక్కరకు వస్తాయి.

ఒక జాగ్రత్త ఉంది. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్న మూడు నెలల లోపు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఇంజెక్షన్ చేయించుకున్న తేదీని సర్జన్‌కు తప్పకుండా చెప్పండి.

నొప్పి పూర్తిగా పోతుందా?

తుంటి మార్పిడి తర్వాత చాలామందికి పాత నొప్పి దాదాపు మాయమవుతుంది. కొన్ని నెలలు గడిచాక అక్కడ కృత్రిమ కీలు ఉందన్న సంగతే మరిచిపోయామనేవారు ఉంటారు. ఆధునిక వైద్యంలో రోగికి ఇంత మేలు చేసే శస్త్రచికిత్సలు కొన్నే ఉన్నాయి.

మోకాలి విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఎక్కువమందికి నొప్పి బాగా తగ్గుతుంది, నడక మెరుగవుతుంది. అయినా దాదాపు ఐదుగురిలో ఒకరు తమకు దక్కిన ఫలితంతో తృప్తిగా లేరని వేర్వేరు దేశాల్లో జరిగిన సర్వేలు చెబుతున్నాయి. ఇంప్లాంట్ సరిగ్గా కూర్చుంది, ఎక్స్‌రే చక్కగా ఉంది, సర్జన్‌కు ఏ లోపమూ కనిపించదు. రోగికి మాత్రం నొప్పి మిగిలే ఉంటుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ప్రతి రోగికీ చెప్పవలసింది. తర్వాత చెబితే అది సాకులా వినిపిస్తుంది.

ఈ అంతరాన్ని పట్టుకోవడానికే రోగి చేతే ఫలితాన్ని కొలిపించే ప్రశ్నావళులు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన తుంటి, మోకాలి స్కోర్లు వాటిలో బాగా వాడుకలో ఉన్నవి. ఒక్కోదానిలో 12 ప్రశ్నలు ఉంటాయి. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవడం, మెట్లు దిగడం, రాత్రి నొప్పి వంటి రోజువారీ విషయాలు అడిగి 0 నుంచి 48 వరకు మార్కులు వేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆరు నెలలకో ఏడాదికో మరోసారి ఇలాంటి ప్రశ్నావళి నింపి దగ్గర పెట్టుకుంటే, నాకు ఎంత మేలు జరిగింది అన్న ప్రశ్నకు మీ దగ్గరే జవాబు ఉంటుంది.

ఎవరికి ఫలితం తక్కువగా ఉండే అవకాశం ఉంది?

ఒంట్లో అనేక చోట్ల దీర్ఘకాలంగా నొప్పులు ఉన్నవారు, చికిత్స పొందని కుంగుబాటు లేదా ఆందోళన ఉన్నవారు, చాలాకాలం ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ కోవకు చెందిన బలమైన నొప్పి మందులు) వాడినవారు, నొప్పికి అసలు కారణం వెన్నులోనో తుంటిలోనో ఉండి మోకాలిలో అనిపిస్తున్నవారు ఈ కోవలోకి వస్తారు. చివరిది ముఖ్యం. తుంటి అరుగుదల నొప్పి మోకాలి దగ్గర తెలియడం అరుదేమీ కాదు. మోకాలి ఆపరేషన్ సూచించే ముందు తుంటిని తిప్పి చూడని పరీక్ష అసంపూర్ణం.

వీటన్నిటికీ తోడు అంచనాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇరవై ఏళ్ల నాటి మోకాలు తిరిగి వస్తుందనుకున్నవారు, నొప్పి లేకుండా కిలోమీటరు నడిస్తే చాలుననుకున్నవారు ఒకే ఫలితం పొందినా, ఇద్దరి తృప్తీ ఒకటి కాదు. ఆపరేషన్ తర్వాత మీరు చేయాలనుకుంటున్న మూడు పనులు కాగితం మీద రాసి, వాటిలో ఏవి సాధ్యమో సర్జన్‌ను ఒక్కొక్కటిగా అడగండి.

కృత్రిమ కీలు ఎన్నేళ్లు మన్నుతుంది?

దీనికి ఇంతవరకు వచ్చిన జవాబుల్లో నమ్మదగినది 2019లో వెలువడింది. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ జాతీయ రిజిస్ట్రీల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, 25 ఏళ్ల తర్వాత కూడా పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం, తుంటి మార్పిడుల్లో సుమారు 58 శాతం మళ్లీ మార్చవలసిన అవసరం రాకుండా ఉన్నాయి. 15 ఏళ్ల దగ్గర చూస్తే మోకాళ్లలో 93 శాతం, తుంటి కీళ్లలో 89 శాతం నిలిచాయి. ఇవి పాతికేళ్ల కిందటి ఇంప్లాంట్ల లెక్కలని మరవద్దు. 1990ల చివర వచ్చిన క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ (అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేసిన ప్లాస్టిక్) పాతదానికంటే బాగా తక్కువ అరుగుతుంది గనుక, ఇప్పటి తుంటి కీళ్లు ఇంకా మెరుగ్గా ఉండవచ్చని ఆశించడానికి ఆధారం ఉంది.

మన్నిక మీద వయసు ప్రభావం చాలా ఎక్కువ. 2017లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనం ప్రకారం, 70 దాటాక మార్పించుకున్నవారికి జీవితకాలంలో రెండో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం సుమారు 5 శాతం. 50ల ఆరంభంలో మోకాలు మార్పించుకున్న పురుషులకు అది దాదాపు 35 శాతం. వాళ్లు ఇంకా ఎక్కువ ఏళ్లు బతుకుతారు, కీలును ఎక్కువ వాడతారు. చిన్న వయసువారిని కొన్నాళ్లు ఆగమనడానికి కారణం ఇదే.

కీలు పాడవడం అంటే విరిగిపోవడం కాదు. ప్లాస్టిక్ అరిగి రాలిన సూక్ష్మమైన రేణువులను శరీరం శత్రువుగా భావించి ఎదుర్కొంటుంది. ఆ పోరులో చుట్టూ ఉన్న ఎముక కరిగి, ఇంప్లాంట్ వదులవుతుంది. ఇది చాలాకాలం నొప్పి లేకుండానే జరగవచ్చు. సర్జన్ చెప్పిన వ్యవధిలో ఎక్స్‌రే తీయించుకోమనడం అందుకే.

80 దాటినవారికి చేయవచ్చా?

వయసు ఒక్కటే అడ్డంకి కాదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు తట్టుకోగలవా, ఇంట్లో చూసుకునేవారు ఉన్నారా అన్నది చూస్తారు. పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు మనసు గందరగోళంగా, పొంతన లేకుండా మాట్లాడే స్థితి రావచ్చు. చాలావరకు అది తగ్గిపోతుంది, కానీ కుటుంబానికి ముందే తెలిసి ఉండాలి.

ఈ శస్త్రచికిత్సలో ప్రమాదాలు ఏమిటి?

అన్నిటికంటే భయపడవలసింది ఇన్ఫెక్షన్. మొదటిసారి చేసే మార్పిడుల్లో అది 100 మందిలో ఒకరిద్దరికి వస్తుంది. సంఖ్య చిన్నదే, వచ్చినవారి కష్టం మాత్రం చిన్నది కాదు. లోహం మీద బ్యాక్టీరియా ఒక పొరలా అల్లుకుని దాని చాటున దాక్కుంటుంది. రక్తంలో తిరిగే యాంటీబయాటిక్ ఆ పొరలోకి సరిగా చేరలేదు. అందువల్ల చాలాసార్లు కీలును కడగడం, కొన్నిసార్లు పూర్తిగా తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మను కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత కొత్త కీలు పెట్టడం తప్పనిసరి అవుతుంది.

రెండోది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. దీన్ని ఆపడానికే ఆపరేషన్ రోజో మర్నాడో లేపి నడిపిస్తారు, రక్తాన్ని పలచబరిచే మందులు కొన్ని వారాలు ఇస్తారు. పిక్క గట్టిపడి నొప్పి పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టున్నా మరుసటి రోజు వరకు ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

తుంటి కీలులో బంతి గిన్నెలోంచి జారిపోవడం కొద్దిమందిలో జరుగుతుంది, ముఖ్యంగా తొలి నెలల్లో. సర్జన్ ఏ వైపు నుంచి కోత పెట్టారన్నదాన్ని బట్టి కాలు మీద కాలు వేసుకోవడం, బాగా కిందికి వంగడం వంటివి కొన్ని వారాలు వద్దంటారు. కాళ్ల పొడవులో కొద్ది తేడా రావచ్చు. మోకాలి విషయంలో కీలు బిగుసుకుపోవడం పెద్ద ఇబ్బంది. నరం దెబ్బతినడం, ఇంప్లాంట్ దగ్గర ఎముక విరగడం అరుదు. ఆపరేషన్ తర్వాత మూడు నెలల్లో మరణం సంభవించే అవకాశం 1 శాతం కంటే తక్కువ. గుండెజబ్బు ఉన్నవారిలో, బాగా వయసు పైబడినవారిలో ఆ ముప్పు ఎక్కువ.

ఆపరేషన్‌కు ముందు నా చేతుల్లో ఉన్నది ఏమిటి?

అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. పొగతాగడం కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే గాయం మానడం మెరుగవుతుంది. మధుమేహం ఉంటే మూడు నెలల సగటు చక్కెరను (HbA1c పరీక్షలో తెలిసేది) అదుపులోకి తెచ్చుకోవాలి. అది 8 శాతం దాటి ఉంటే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, వేయడమే సరైనది. రక్తహీనత ఉంటే ముందే సరిచేసుకుంటే రక్తం ఎక్కించవలసిన అవసరం తగ్గుతుంది. పుచ్చు పళ్లు, చిగుళ్ల చీము, కాలి వేళ్ల మధ్య పుండ్లు, మూత్రంలో మంట వంటివి ఉంటే దాచకుండా చెప్పి చికిత్స చేయించుకోవాలి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు, కీళ్లవాతానికి వాడే మందులు ఎప్పుడు ఆపాలో మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు.

ఇంట్లో కాలికి తగిలే చాపలు, వైర్లు తీసేయండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, ఎత్తైన కుర్చీ, ఎత్తు పెంచిన కమోడ్ ముందే ఏర్పాటు చేసుకోండి. వాకర్‌తో నడవడం ఆపరేషన్‌కు ముందే నేర్చుకున్నవారికి తొలి రోజు భయం సగం తగ్గుతుంది.

మత్తు ఎలా ఇస్తారు? ఎంతసేపు పడుతుంది?

ఎక్కువగా వెన్నుకు మత్తు ఇచ్చి నడుము కింది భాగాన్ని మొద్దుబారుస్తారు. అవసరాన్ని బట్టి పూర్తి మత్తు ఇస్తారు. ఆపరేషన్‌కు సాధారణంగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు వాడకంతో రక్తస్రావం గతంకంటే బాగా తగ్గింది.

కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

నడక తొందరగానే వస్తుంది, పూర్తిగా కోలుకోవడానికి సమయం పడుతుంది. ఆసుపత్రి నుంచి చాలామంది కొద్ది రోజుల్లోనే వాకర్‌తో నడుస్తూ ఇంటికి వెళతారు. రెండు వారాలకు కుట్లు తీస్తారు. ఆరు వారాలకు చేతికర్ర సాయంతోనో, ఏ ఆసరా లేకుండానో ఇంటి చుట్టుపక్కల తిరగగలుగుతారు. కారు నడపడం దాదాపు అప్పుడే, అదీ గట్టిగా బ్రేకు తొక్కగలిగితేనే. కూర్చుని చేసే ఉద్యోగానికి ఆరు వారాలు, నిలబడి చేసే పనికి మూడు నెలలు అని స్థూలంగా అనుకోవచ్చు. వాపు, బిగువు పూర్తిగా తగ్గి, కీలు తనదే అనిపించడానికి తుంటికి ఆరు నెలలు, మోకాలికి ఏడాది పడుతుంది.

మోకాలు మార్పించుకున్నవారికి మొదటి ఆరు వారాలు నిజంగా కష్టమైనవి. రాత్రిళ్లు నొప్పి, నిద్రలేమి, ఎందుకు చేయించుకున్నానా అన్న దిగులు చాలామందికి వస్తాయి. ఆపరేషన్ విఫలమైందనడానికి అవి గుర్తులు కావు. ఆ రోజుల్లో నొప్పి మాత్రలను నొప్పి భరించలేనంత అయ్యాక కాకుండా, వ్యాయామానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. నొప్పిని ఓర్చుకోవడమే గొప్ప అనుకుని వ్యాయామం మానేసినవారి కీలు బిగుసుకుపోతుంది.

పక్కనుండి చూసుకునేవారికి ఒక మాట. జాలితో ప్రతి పనీ మీరే చేసిపెట్టవద్దు. లేచి నీళ్లు తెచ్చుకోవడం కూడా వారికి ఫిజియోథెరపీలో భాగమే.

కొత్త మోకాలు ఎంతవరకు వంగుతుంది? నేల మీద కూర్చోవచ్చా?

చదునుగా ఉన్న చోట నడవడానికి సుమారు 70 డిగ్రీలు, మెట్లు ఎక్కి దిగడానికి 90 నుంచి 100, తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవడానికి 105 డిగ్రీల దాకా మోకాలు వంగాలి. మార్పిడి తర్వాత ఎక్కువమందికి 110 నుంచి 120 డిగ్రీలు దక్కుతాయి. అంటే రోజువారీ పనులకు సరిపోతుంది. గొంతుక్కూర్చోవడానికి 130కి పైగా కావాలి. అది కొందరికి మాత్రమే సాధ్యం. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో, తర్వాత ఎంత వంగుతుందో చెప్పడానికి అదే అన్నిటికంటే మంచి సూచిక. నేల మీద కూర్చోవడాన్ని చాలామంది సర్జన్లు ప్రోత్సహించరు, ఎందుకంటే లేచేటప్పుడు మోకాలి మీద పడే భారం చాలా ఎక్కువ. మోకాళ్ల మీద ఆనడం వల్ల ఇంప్లాంట్‌కు హాని లేదు గానీ, చాలామందికి అసౌకర్యంగా ఉంటుంది.

అందరూ వంగడం గురించే అడుగుతారు. నిటారుగా చాపగలగడం అంతకంటే ముఖ్యం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాలు కొద్దిగా వంగిన స్థితిలోనే స్థిరపడి, ఆపైన కుంటుతూ నడవవలసి వస్తుంది. దిండు పెట్టాలనుకుంటే మడమ కింద పెట్టండి. మొదటి రెండు మూడు నెలల్లో వంగడం తగినంత రాకపోతే మత్తు ఇచ్చి మోకాలిని మెల్లగా వంచే ప్రక్రియ ఉంది. అది తొలి మూడు నెలల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది గనుక, ఎదురుచూస్తూ కాలం గడపవద్దు.

మోకాలు వేడిగా ఉంటోంది, టక్కుమని శబ్దం వస్తోంది, పక్కన స్పర్శ తెలియడం లేదు. ఇవి మామూలేనా?

మామూలే. లోహం, ప్లాస్టిక్ తగిలినప్పుడు చిన్న శబ్దం వస్తుంది. వెచ్చదనం ఆరు నెలల దాకా ఉండవచ్చు. కోత పెట్టినప్పుడు చర్మానికి వెళ్లే చిన్న నరం తెగడం వల్ల మచ్చకు బయటి వైపు స్పర్శ తగ్గుతుంది. ఆ ప్రదేశం ఏళ్లు గడిచేకొద్దీ చిన్నదవుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. అయితే ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, గాయం నుంచి ద్రవం కారుతున్నా, జ్వరంతో పాటు నొప్పి పెరుగుతున్నా వెంటనే ఆపరేషన్ చేసిన బృందానికే చూపించాలి.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకోవడం మంచిదా?

ఒకే మత్తు, ఒకే ఆసుపత్రి వాసం, ఒకేసారి కోలుకోవడం అనే లాభాలు ఉన్నాయి. గుండె మీద, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి మాత్రం ఎక్కువ, రక్తం ఎక్కించవలసిన అవసరమూ ఎక్కువ. ఆరోగ్యంగా ఉండి, రెండు కాళ్లూ సమానంగా పాడైనవారికి ఇది తగవచ్చు. గుండెజబ్బు ఉన్నవారికి, బాగా వయసు పైబడినవారికి కొన్ని నెలల ఎడంతో విడివిడిగా చేయడమే క్షేమం.

మోకాలిలో సగం మాత్రమే మార్చడం మేలా?

అరుగుదల లోపలి వైపుకే పరిమితమై, లిగమెంట్లు బాగుంటే పాక్షిక మార్పిడి చేయవచ్చు. కోలుకోవడం తేలిక, కదలిక సహజంగా ఉంటుంది, తీవ్రమైన దుష్ఫలితాలు తక్కువ. మళ్లీ ఆపరేషన్ చేయవలసిన అవకాశం మాత్రం పూర్తి మార్పిడికంటే ఎక్కువ. 25 ఏళ్లకు నిలిచేవి సుమారు 70 శాతం. ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ల చేతిలో ఫలితాలు మెరుగ్గా ఉంటాయి గనుక, మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

రోబో సాయంతో చేస్తే ఫలితం బాగుంటుందా?

ఎముకను అనుకున్న కోణంలో కోయడానికి రోబో సాయపడుతుంది; ఎక్స్‌రేలో అమరిక కచ్చితంగా ఉంటుంది. ఆ కచ్చితత్వం వల్ల రోగికి నొప్పి ఎక్కువగా తగ్గుతుందనీ, కీలు ఎక్కువ ఏళ్లు మన్నుతుందనీ ఇంకా గట్టిగా రుజువు కాలేదు. అనుభవం ఉన్న సర్జన్, ఇన్ఫెక్షన్ విషయంలో కట్టుదిట్టంగా ఉండే ఆసుపత్రి, మంచి ఫిజియోథెరపీ అన్నవే ముందు చూసుకోవాలని మా అభిప్రాయం.

కృత్రిమ కీలు ఉంటే ఎమ్మారై, విమాన ప్రయాణం, పంటి చికిత్స వీలవుతాయా?

ఎమ్మారై చాలావరకు తీయవచ్చు; కీలు సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. విమానాశ్రయంలో డిటెక్టర్ మోగవచ్చు, చెబితే సరిపోతుంది. తొలి వారాల్లో దూర ప్రయాణాలు మాత్రం రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల సర్జన్‌ను అడిగాకే పెట్టుకోవాలి. పంటి చికిత్సకు ముందు అందరూ యాంటీబయాటిక్ వేసుకోవాలన్న పాత పద్ధతి ఇప్పుడు చాలావరకు పోయింది. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు డాక్టర్‌ను అడగాలి.

రెండోసారి మార్చవలసి వస్తే అదీ మొదటిదానిలాగే ఉంటుందా?

ఉండదు. పాత ఇంప్లాంట్ తీసేటప్పుడు ఎముక కొంత పోతుంది, పొడవైన కాడలున్న ఇంప్లాంట్లు అవసరమవుతాయి, ఆపరేషన్ సమయం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ ముప్పు కూడా మొదటిసారికంటే ఎక్కువ. నొప్పి తగ్గినా మొదటిసారి దక్కినంత మేలు అందరికీ దక్కదు. మిగిలిపోయిన నొప్పికి కారణం తేలకుండా, మార్చి చూద్దాం అని చేసే రెండో ఆపరేషన్ అరుదుగా ఫలిస్తుంది. వదులవడం, ఇన్ఫెక్షన్, స్థిరత్వం లేకపోవడం వంటి స్పష్టమైన కారణం ఉన్నప్పుడే దానికి సిద్ధపడాలి.

ఏళ్ల తరబడి బాగున్న కీలులో కొత్తగా నొప్పి మొదలైతే ఏం చేయాలి?

కొద్ది రోజుల్లో తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాలి. అడుగు వేయగానే తొడలోనో మోకాలి కిందో నొప్పి వచ్చి, కొంత నడిచాక సర్దుకుంటుంటే ఇంప్లాంట్ వదులైందేమోనని చూస్తారు. వాపు, జ్వరం ఉంటే, లేదా ఇటీవల పంటి చీమో మూత్రనాళ ఇన్ఫెక్షనో కాలి పుండో వచ్చి ఉంటే, రక్తం ద్వారా బ్యాక్టీరియా కీలుకు చేరిందేమోనని అనుమానించాలి. పదేళ్ల తర్వాత కూడా ఇది జరగవచ్చు. ఇలాంటప్పుడు మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవడం చాలా హాని చేస్తుంది. ఒంట్లో నిలకడగా ఉన్నవారికి ముందు కీలులోని ద్రవాన్ని సూదితో తీసి పరీక్షకు పంపి, ఆ తర్వాతే మందు మొదలుపెడతారు. ముందే మాత్రలు పడితే పరీక్షలో బ్యాక్టీరియా దొరకదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు, కాపాడగలిగిన కీలును తీసేయవలసి రావచ్చు. చలి జ్వరంతో వణుకుతున్నా, స్పృహ తడబడుతున్నా ఒక్క గంట కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, కృత్రిమ కీలు ఉందన్న మాట మొదటే చెప్పండి.